నెలవంక నాణెం

ఫిబ్రవరి 3

ఇంట్లో కూర్చోబెట్టారు. నన్ను!

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి" అన్నారు మేనేజరుగారు, ఆసుపత్రిలో రోగిని పలకరించినట్టు. కుళాయిల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల అంటే నేనే, నేనంటే తనిఖీ బల్ల. ఇత్తడి కుళాయి మీద మచ్చ కనిపిస్తే అది అచ్చులోనే పుట్టిన లోపమా, తర్వాత ఎవడో కింద పడేస్తే తగిలిన దెబ్బా అని తేల్చడం నా పని. పుట్టులోపమైతే కరిగించాలి. దెబ్బయితే సానపట్టి పంపేయొచ్చు. పోయిన నెల ఒక లోడు మొత్తాన్ని పుట్టులోపమని ఆపాను. అవి ఉత్త దెబ్బలేనన్నారు వాళ్ళు. "మీ కన్ను మునుపటిలా లేదేమో" అన్నారాయన, నా వైపు చూడకుండా.

మార్చి ఆఖర్లో పరీక్ష పెడతారట. ట్రేలో అన్నీ కలిపి పోస్తారు, నేను వేరు చేయాలి. సరిగ్గా చేస్తే నా బల్ల నాది. లేకపోతే ప్యాకింగులో అట్టపెట్టెలకి టేపు అంటించుకుంటూ కూర్చోవాలి.

నా కంటికేమైంది? నిక్షేపంలా ఉంది.

ఫిబ్రవరి 4

పత్రికవాళ్ళు ఈ మధ్య సిరా మరీ పొదుపు చేస్తున్నారు. చదివేవాడంటే లెక్కే లేదు.

ఫిబ్రవరి 8

వీధి తలుపు తాళంచెవి వంగిపోయింది. నేను తలకిందులుగా దూర్చి బలంగా తిప్పానని మా ఆవిడ అంటుంది. అక్కడ వెలుతురు చాలదు, అది మాత్రం అనదు. "కళ్ళజోడు పెట్టించుకోండి, మీ పుణ్యముంటుంది" అని మళ్ళీ మొదలుపెట్టింది. ఏ మాట ఎత్తినా తిరిగి తిరిగి కళ్ళజోడు దగ్గరికే వస్తుంది.

ఆవిడ తమ్ముడు వచ్చాడు. వాడికి మరమేకు అని పేరు పెట్టింది నేనే. ఏది ఊడినా వాడే బిగిస్తాడు, ఎక్కడైనా దూరతాడు. తాళంచెవిని వాడి రిపేరు షెడ్డుకి పట్టుకెళ్ళి, వైసులో, అదే బల్లకి బిగించే ఇనుప పట్టులో, నొక్కి తిన్నగా చేసి తెచ్చాడు. ఆ వైసు మా నాన్నది. వాడు షెడ్డు పెట్టుకున్నప్పుడు నేనే ఇచ్చాను. ఇనుప దవడలు రెండూ అద్దంలా నునుపు, ఒకదాని అంచున మాత్రం చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. చిన్నప్పుడు సుత్తి దొరికితే ఊరుకుంటానా, ఆ ఘనకార్యం నాదే. నాన్న కొట్టలేదు. దవడకీ వస్తువుకీ మధ్య చెక్కముక్క పెట్టి బిగించడం నేర్పాడు, మచ్చ పడకుండా. ఆ అలవాటు వీడికి రాదు. చెవి మీద ఏదో గరుకుగా బొటనవేలికి తగులుతూనే ఉంది.

"చెక్కముక్క పెట్టావురా?" అన్నాను.

"తాళం తెరుచుకుంటోందా లేదా, అది చెప్పు బావా" అన్నాడు.

ఫిబ్రవరి 12

మా అమ్మాయి అమ్మడు ఫోన్లో ఒక వీడియో చూపించింది. టంకశాలలో అచ్చు తప్పిన నాణేలట. ముద్ర పక్కకి జరిగినవి, రెండుసార్లు పడినవి, అంచు కొరికినట్టు ఉన్నవి. వాటికోసం జనం కొట్టుకు చస్తారట! పైగా నాణేన్ని గ్రేడింగు సంస్థకి పంపితే వాళ్ళు పరీక్ష చేసి, ఇది టంకశాలలో పుట్టిన లోపమా, బయట తగిలిన దెబ్బా అని తేల్చి, పుట్టులోపమైతే గాజులాంటి పెట్టెలో పెట్టి సీలు వేసి పంపుతారట.

"ఓసి నీ! ఇది నా పనే కదటే!" అని అరిచాను. అది ఉలిక్కిపడి ఫోను జారవిడిచింది.

డబ్బాలో చిల్లరంతా మంచం మీద గుమ్మరించాను. అన్నానికి పిలిస్తే వినబడలేదు. పోయినవాళ్ళెవరో తిరిగొచ్చినంత సంబరంగా ఉంది.

ఫిబ్రవరి 15

మార్కెట్ వెనకాల నాణేల కొట్టు ఒకటుందని తెలిసి వెళ్ళాను. కొట్టు పెద్దాయన పీట మీద కూర్చుని, గుడ్డమీద నాణేలు పరుచుకుని, ఎవరితోనూ మాట్లాడే అవసరం లేనట్టు ఉంటాడు. నేను ఏరుకున్న ఆరింటినీ ఆయన ముందు పెట్టాను. బొమ్మ మీద వేలు పెట్టలేదు, అంచులు పట్టి లేపాడు.

"ఇది రైలుపట్టా మీద పెట్టారు. ఇది యాసిడ్ తాగింది. ఇది వాషరు చేద్దామని చిల్లు పెట్టబోయి మానేశారు. ఇది బట్టలు ఎండబెట్టే యంత్రంలో ఇరుక్కుని దొర్లింది, అంచు చుట్టుకుపోయింది చూడండి."

"మిగతా రెండూ?"

"అవి మంచి నాణేలండీ. ఖర్చుపెట్టుకోండి."

పోతే పోనీ. ఒక్కరోజులో గంగ దిగొస్తుందా? బయటికొస్తుంటే భూతద్దం కొనుక్కోమన్నాడు. ఇన్నేళ్ళు ఉత్త కళ్ళతో ఇత్తడి చూసినవాణ్ణి, నాకు భూతద్దం అమ్ముతాడట!

ఫిబ్రవరి 19

ఏమీ లేదు. బ్యాంకు చిల్లర, పాలవాడి చిల్లర, పక్కింటివాళ్ళ హుండీ, అన్నీ చూశాను. అన్నీ బుద్ధిమంతులే. ముద్ద దిగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆవిడ వరండాలో తమ్ముడితో ఫోన్లో గుసగుసలాడింది.

ఫిబ్రవరి 22

దొరికింది. దొరికింది. దొరికింది!

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

పొద్దున్నే మరమేకు సంచీడు చిల్లర తెచ్చి బల్ల మీద పోశాడు. "షెడ్డులో పోగుపడింది బావా, నీకు పనికొస్తుందేమో చూసుకో" అన్నాడు. ఎప్పుడూ టీ తాగి చక్కా పోయేవాడు, ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను ఒక్కొక్కటీ వేలితో తడుముతూ పక్కన పెడుతున్నాను. ఒక పెద్ద నాణెం చేతికి తేడాగా తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఈ నాణేనికి ఒకవైపు ఓడ, ఒకవైపు అంకె ఉండాలి కదా. అంకె ఉండవలసిన వైపున కూడా ఓడ! అదీ తిరగబడి, లోపలికి గుంటపడి ఉంది. ఎడమకి పోవలసిన ఓడ కుడికి పోతోంది!

ఎగిరి గంతేశాను. నిజంగానే. స్టూలు పడిపోయింది. ఆవిడ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది, అమ్మడు స్నానం మధ్యలోంచి "ఏమైంది?" అని అరిచింది. మరమేకుని కావలించుకుని ఒక చుట్టు తిప్పేశాను.

"నీ చెయ్యి బంగారంరా!" అన్నాను.

"అంత సంతోషంగా ఉందా బావా?" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు. ఎంత ప్రేమ వెధవకి!

ఫిబ్రవరి 23

మళ్ళీ చూశాను. ఉంది.

ఇంకోటి కూడా ఉంది! అసలు ఓడ ఉన్న వైపు బాగా అరిగి చదునైపోయింది కానీ, అంచు దగ్గర గోటితో గిచ్చినంత మేర నెలవంక ఆకారంలో ఉబ్బెత్తుగా ఉంది. వేలికి స్పష్టంగా తగులుతోంది. అంటే ఒకే నాణెంలో రెండు లోపాలు! కవలలు!

ఫిబ్రవరి 24

కొట్టు పెద్దాయన చాలాసేపు చూశాడు.

"ఇలాంటిది టంకశాలలోనూ పుడుతుందండీ. కొట్టిన నాణెం అచ్చుకి అతుక్కుపోతే, దాని తర్వాత వచ్చే నాణెం మీద దాని బొమ్మ తిరగబడి గుంటగా పడుతుంది. అది నిజమైన లోపం. మంచి గిరాకీ. కానీ ఎవరైనా రెండు నాణేలు ఒకదానిమీదొకటి పెట్టి గట్టిగా నొక్కినా అచ్చం ఇలాగే పడుతుంది. అది దెబ్బ."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"రెండోవైపు చూడాలి. టంకశాలలో అయితే రెండోవైపు ముద్ర నిక్కచ్చిగా నిలబడి ఉంటుంది. నొక్కినదైతే చదునైపోతుంది. గుంటబొమ్మ కింద పాత అంకె ఛాయలు కూడా మిగిలిపోతాయి. మీరు కొంచెం భూతద్దంతో..."

"చదును కాదండీ, అది అరుగుదల. చేతులు మారి మారి అరిగింది" అన్నాను.

ఆయన నాణేన్ని నా చేతిలో పెట్టి, "పంపి చూడండి. వాళ్ళే చెబుతారు" అన్నాడు.

అసూయ. తన పీట దగ్గరికి రాని నాణెం నా ఇంటికి వచ్చిందని. అందని ద్రాక్ష పుల్లన.

ఫిబ్రవరి 27

పంపుతున్నాను. వీధిలో అందరికీ చెప్పేశాను. ఫ్యాక్టరీలో నా పక్క బల్లవాడికి ఫోన్ చేశాను. వాడు ఈపాటికి క్యాంటీన్లో టముకు వేసే ఉంటాడు. 'టంకశాల లోపం' అని సీలు పడిన పెట్టె మేనేజరుగారి బల్ల మీద ఠక్కున పెడతాను. ఎవరి కన్ను పోయిందో అప్పుడు చెప్పమంటాను!

"ఆయన కాదన్నారని మీరే చెప్పారుగా" అంది ఆవిడ.

"అనుమానమన్నాడు. కాదనలేదు."

"మీరు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు."

మరమేకు వచ్చాడు. పంపుతున్నానని చెప్పగానే టీ పొలమారింది.

"ఎందుకు బావా? పోస్టులో పోతే? ఇంట్లోనే ఉంచుకో. రోజూ చూసుకుంటూ ఆనందించు."

"ఆనందం కాదురా, రుజువు కావాలి."

"రుజువెందుకు, మేం నమ్ముతున్నాం కదా" అని నీళ్ళు నమిలాడు.

వాడిక్కూడా ఏదో పట్టింది.

మార్చి 2

మరమేకు ఆ నాణెం కొంటానన్నాడు! తన స్కూటరు అమ్మేసైనా సరేనట!

ఇప్పుడు అర్థమైంది. దురాశ. ఇచ్చేటప్పుడు విలువ తెలియలేదు, ఇప్పుడు తెలిసి నిద్ర పట్టడం లేదు. తేలు కుట్టిన దొంగలా నా మొహం చూడడు, ఆవిడ మొహం చూస్తాడు. ఆవిడ ఇంకెటో చూస్తుంది. సొంత బావమరిదే ఇలా అయిపోతాడనుకోలేదు. బాధేసింది. నాణేన్ని పంచదార డబ్బాలో దాచాను.

మార్చి 3

పంచదారలో పెడితే చీమలు. ఆవిడ నానా మాటలూ అంది. నాణెం క్షేమం.

మార్చి 6

ఇవాళ రాయవలసింది చాలా ఉంది. మెల్లగా రాస్తాను.

మధ్యాహ్నం అమ్మడు కంప్యూటరు ముందు కూర్చుని గ్రేడింగు దరఖాస్తు నింపడం మొదలుపెట్టింది. రెండు వైపులా దగ్గరి ఫొటోలు కావాలట, పరిమాణం తెలిసేలా పక్కన ఏదైనా మామూలు వస్తువు పెట్టాలట. అది పక్కనున్న వీధి తలుపు తాళంచెవి తీసి నాణెం పక్కన పెట్టింది. నాకు చెప్పకుండా భూతద్దం కూడా కొనుక్కొచ్చింది. దాన్ని ఫోను కన్నుకి ఆనించి టకటకా ఫొటోలు తీసి, కంప్యూటరు తెర మీద ఇంతింత చేసి చూపించింది.

"చూడు నాన్నా, నీ నెలవంక ఎంత బాగా వచ్చిందో."

చూశాను. నెలవంక ఉంది. నాణెం మీద.

తాళంచెవి మీద కూడా ఉంది.

అదే వంపు. అదే పొడవు. ఒక కొస కొంచెం తెగినట్టు, అది కూడా అదే.

అమ్మడు చూడలేదు. అది తర్వాతి గడి నింపుకుంటోంది. నేను చెవిని చేతిలోకి తీసుకుని భూతద్దం కంటికి పెట్టుకున్నాను. మొదటిసారి. అమ్మో, ఎంత లోకముంది అందులో! చెవి మీద వైసు నొక్కినంత మేరా నునుపు, దవడకి పెచ్చు ఊడిన చోట మాత్రం నొక్కు పడక పాత ఇత్తడి ఉబ్బెత్తుగా నిలిచింది. నాణెం తీసుకున్నాను. ఓడ వైపు చదునయింది అరుగుదలతో కాదు, నొక్కుడుతో. పెచ్చు ఊడిన చోట మాత్రం తెరచాప అంచు కొత్తదానిలా నిలబడే ఉంది. వెనక్కి తిప్పాను. గుంటపడ్డ ఓడ కింద అంకె నీడలా కనిపిస్తూనే ఉంది. పెద్దాయన చెప్పినవన్నీ ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఉన్నాయి.

ఆ దవడకి పెచ్చు ఊడగొట్టింది నేను. లోకంలో ఏ టంకశాలకీ ఆ గాటు లేదు.

వాడు! నాకు! బొమ్మ చేసి చేతిలో పెట్టి చిన్నపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించాడు! వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను. లేచి చెప్పులు వేసుకున్నాను, షెడ్డుకి వెళ్ళి వాడి వీపు చీరేద్దామని. గుమ్మం దాటుతుండగా కాళ్ళు ఆగిపోయాయి.

కనిపెట్టాను కదా.

ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను. దెబ్బని దెబ్బ అని, ఏ వైసు దెబ్బో, దవడలో ఏ మూలదో కూడా చెప్పగలిగాను. కన్ను పోయినవాడు చేసే పనా ఇది?

వాకిట్లో ఒక్కణ్ణే నవ్వాను. కూరగాయలవాడు బండి ఆపి "ఏమైంది సార్?" అన్నాడు. "దెబ్బేనయ్యా, ఉత్త దెబ్బే!" అని వాడి చెయ్యి పట్టుకుని ఊపేశాను. పాపం, బేరం మర్చిపోయి వెళ్ళిపోయాడు.

లోపలికొచ్చి అమ్మడితో చెప్పాను. "'మీరు గుర్తించిన లోపం' అన్న గడిలో ఇలా రాయి. లోపం ఏమీ లేదు. రెండు నాణేలు కలిపి వైసులో నొక్కినది. వైసు దవడ అంచున పెచ్చు ఊడి ఉంది. సరిచూసి చెప్పగలరు."

"దెబ్బతిన్నదని రాసి రుసుము కట్టి ఎవరైనా పంపుతారా నాన్నా? వాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. నేను చూసింది నిజమేనని ఆ మాట మూడో మనిషి నోటితో వినాలే తల్లీ. ఇంట్లోవాళ్ళ ముద్దు మాటలు నాకొద్దు."

ఆవిడ వైపు చూశాను. తల ఎత్తకుండా ముక్కలు తరుగుతోంది. ఉల్లిపాయలు కూడా కావు, బంగాళాదుంపలు. కళ్ళు తుడుచుకుంటోంది.

మార్చి 7

కళ్ళజోడు షాపుకి వెళ్ళొచ్చాను. ఊరికే, దారిలో ఉందని.

మార్చి 8

పార్సిలు పంపేశాను. నాకు తెలిసిపోయిందని మరమేకుకి చెప్పలేదు, ఆవిణ్ణీ చెప్పనివ్వలేదు. నాలుగు రోజులు గుటకలు మింగనీ.

మార్చి 16

కొత్త జోడు వచ్చింది. ఇంటికొచ్చి చుట్టూ చూశాను. గోడకి బీటలున్నాయి. ఆవిడ చెంప మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. మర్చేపోయాను.

"ఏంటలా చూస్తున్నారు?" అంది.

"తనిఖీ" అన్నాను.

"పుట్టులోపమా, దెబ్బా?"

"నిన్ను కట్టుకున్నాక తగిలిన దెబ్బలన్నీ నాకే" అన్నాను. గరిటె విసిరింది. బాగుంది రోజు.

మార్చి 29

పరీక్ష అయింది. పొద్దుటి నుంచి అన్నీ ఒకేసారి జరిగాయి.

బయల్దేరుతుంటే పోస్టు వచ్చింది. గ్రేడింగు సంస్థది. పెట్టె కాదు, పల్చటి కవరు. జేబులో పెట్టుకున్నాను. మరమేకు స్కూటరు మీద దిగబెడతానని వచ్చాడు. నా జేబులోంచి కవరు మొన బయటికి కనిపిస్తోంది, వాడు దాన్ని చూశాడు. దారిలో రెండుసార్లు గుంతలో పడేశాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగి కవరు చింపాను. నాణెం ప్లాస్టిక్ సంచిలో ఉంది. దానికి చీటీ. 'టంకశాల లోపం కాదు. తర్వాత నొక్కినది. గ్రేడు ఇవ్వబడదు.'

అంతే! మరో మాట లేదు, నా మాట తప్ప! గేటు దగ్గరే గట్టిగా ఈల వేశాను. కాపలాదారు తొంగి చూశాడు.

మరమేకు ఆ చీటీ చదివాడు. ఈల వాడికి వినపడినట్టు లేదు. మొహం తెల్లగా పాలిపోయింది.

"నేనే చేశాను బావా. అక్క ఫోన్ చేసి, నువ్వు అన్నం ముట్టుకోకుండా గోడకేసి తిరిగి పడుకున్నావని ఏడ్చింది. నాకేం తోచలేదు. ఊరికే నాలుగు రోజులు సంతోషంగా ఉంటావనుకున్నా. నువ్వు ఇంత దూరం తీసుకొస్తావని, ఇవాళే, ఇక్కడే... నన్ను చంపేయి బావా." స్కూటరు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత మనిషి.

లోపల గంట మోగింది. మేనేజరుగారు తలుపులో నిలబడి పిలుస్తున్నారు. వాడి వీపు మీద చెయ్యి వేసి, "ఇక్కడే ఉండు" అని చెప్పి లోపలికి వెళ్ళాను.

ట్రే పెద్దదే. కుళాయిలు నిండుగా పోశారు. జోడు పెట్టుకున్నాను. మేనేజరుగారు దాన్ని చూసి ఏదో అనబోయి మానేశారు. మంచి మనిషి. మొదటి కుళాయి ఎత్తేటప్పుడు ఇది పరీక్షని గుర్తుంది. తర్వాత మర్చిపోయాను. లోహం లోపలినుంచి బుడగలా పొక్కితే పుట్టులోపం, బయటినుంచి తోసుకుపోయి పక్కన గట్టు కడితే దెబ్బ. ఎడమకి, కుడికి, ఎడమకి. పాత పాట నోటికి వచ్చినట్టు వచ్చేసింది. చివరికి ఒక్కటి మిగిలితే దాన్ని చాలాసేపు తిప్పి చూసి, "ఇది రెండూనండీ, లోపమున్న చోటే దెబ్బ కూడా తగిలింది" అన్నాను. ఆయన తన కాగితం చూసుకుని నవ్వారు.

"సోమవారం నుంచి వచ్చేయండి. మీ బల్ల తుడిపించి ఉంచుతాను."

ఆ పాత లోడు సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బయటికొచ్చాను. ఎండ నడినెత్తికి వచ్చింది. మరమేకు షెడ్డు తెరవడానికి పోలేదు, నీడకి కూడా జరగలేదు. స్కూటరు పక్కన అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏమైంది బావా?"

"సోమవారం నుంచి డ్యూటీ."

వాడు నవ్వలేదు. నమ్మలేనట్టు చూశాడు. నేను జేబులోంచి తాళంచెవి తీసి, నాణెం పక్కన పెట్టి, రెండు నెలవంకలూ చూపించాను. వాడి నోరు తెరుచుకుంది.

"దరఖాస్తు రాసిన రోజే తెలుసురా నాకు."

"మరి ఇన్నాళ్ళూ... నన్ను ఇలా..."

"నువ్వు నన్ను ఆడించలేదూ? చెల్లుకి చెల్లు."

అప్పుడు ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ ఆగలేదు. వాడి చెవి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను.

"ఒరేయ్, ఇంకెప్పుడైనా నన్ను మోసం చేయాలనిపిస్తే, మా నాన్న చెప్పినట్టు మధ్యలో చెక్కముక్క పెట్టరా."

మార్చి 30

నాణేనికి చిల్లు పెట్టించి తాళంచెవికి గొలుసులా వేయించుకున్నాను. కొట్టు పెద్దాయనకి చూపిస్తే గుండె పట్టుకున్నాడు.

పత్రికవాళ్ళు మళ్ళీ సిరా దండిగా వాడుతున్నారు. ఎవరో గట్టిగా అడిగి ఉంటారు.